మీటరు నుంచి డాబా దాకా

పన్నెండు గంటలలోపు నెమలికి తల కుట్టేసి, హుక్కులు వేసి, ఇస్త్రీ చేసి కవర్లో పెట్టేస్తే ఆ రోజుకు గండం గడిచినట్టేనని నాగదుర్గ పొద్దున్నే అనుకుంది. జాకెట్టు మలికిపురంలో ఓ పెళ్ళికూతురిది. ముహూర్తం ఆ రాత్రికే. చీర బండారులంకలో నేయించారు. దాని అంచులో వేలెడంత ఉన్న నెమలి జాకెట్టు వీపు మీద జానెడు ఉండాలని ఆ పిల్ల పట్టుబట్టింది. తోక, ఒళ్ళు, కాళ్ళు ముందురోజే అయిపోయాయి. మెడ మొదలుపెట్టాలి. పన్నెండింటికి పెళ్ళికూతురి మేనమామ బండి వేసుకుని వస్తానన్నాడు.

అమలాపురంలో కాలవగట్టు వెనక ఉన్న ఆ మూడంతస్తుల అపార్ట్‌మెంటులో, 302వ నంబరు ఫ్లాటు వెనక గదిలో, ఎంబ్రాయిడరీ మిషను ఒకటి ఉందన్న సంగతి ఇద్దరికి తెలియకూడదు. ఒకరు ఓనరు శ్రీనివాసరావు గారు. ఫ్లాటులో ఏ వ్యాపారమూ చేయరాదని ఆయన అద్దె కాగితంలో రాయించి, కింద గీత కూడా గీయించారు. రెండో మనిషి నాగదుర్గ భర్త కామరాజు. ఆరేళ్ళుగా దోహాలో ఎలక్ట్రీషియన్. మిషను కొనుక్కుంటానని ఆమె ఒక్కసారి అడిగింది. "నేనిక్కడ ఎండలో వేగేది నువ్వక్కడ ఒకళ్ళ జాకెట్లు కుట్టడానికా?" అన్నాడు. మళ్ళీ అడగలేదు. అడగకుండా కొనేసింది.

ఎనిమిదింటికి కూతురు స్కూలు ఆటో ఎక్కిపోయాక, సాయంత్రం దాకా ఆ ఇంట్లో మాట వినబడదు. గోడలకేసి ఎంతసేపని చూస్తుంది? మిషను చప్పుడు చేస్తుంటే కనీసం ఇంట్లో ఇంకొకరెవరో ఉన్నట్టుంటుంది. అంతకుమించి ఆ మిషను నుంచి ఆమె ఏమీ ఆశించలేదు.

మూడు రోజులుగా శ్రావణమాసపు ముసురు. తొమ్మిదిన్నరకు మిషను వేసి, పక్కన ఇస్త్రీపెట్టె వేడెక్కడానికి పెట్టింది. నెమలి మెడ అంగుళం లేచిందో లేదో కరెంటు పోయింది.

వీధి కరెంటు కాదు. పక్క ఫ్లాటులో గంగాదేవి పిన్నిగారి ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాగదుర్గ బాల్కనీలోంచి కిందికి వంగి, "అంజిబాబూ!" అని కేక వేసింది. అంజిబాబు అక్కడి వాచ్‌మన్. కామరాజుదీ అతనిదీ రాజోలు దగ్గర ఒకటే ఊరు, చిన్నప్పటి స్నేహితులు. ఎనిమిది నెలల క్రితం ఈ ఫ్లాటు చూసిపెట్టింది అతనే.

"మీటరు కాడ ఎంసీబీ స్విచ్చు పడిపోయిందండి. లేపేసేనండి," అన్నాడు అంజిబాబు. "ఎలకలండి. వానకి లోపలికొచ్చేత్తన్నాయండి."

కరెంటు వచ్చింది. మిషను ఆగిన చోటికి సరిగ్గా రాదు. వెంట్రుకవాసి పక్కకు జరిగి మొదలైంది. పది నిమిషాలకు మళ్ళీ పోయింది. మళ్ళీ లేపాడు. మళ్ళీ వెంట్రుకవాసి. మూడోసారికి నెమలి మెడ నిలబడాల్సింది పోయి వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

"ఇలా కాదు అంజిబాబూ, మా ఆయన్ని అడుగుతాను. ఆయనకి తెలియని కరెంటు లేదు గదా," అంది మెట్ల దగ్గరికొచ్చి.

అంజిబాబు మొహంలో రంగు మారింది. "ఆయన్నెందుకండి పాపం, దూరాభారం. పన్లో ఉంటారండి. ఎలకలేనండి, నేను చూసుకుంటానండి ఆయ్."

అతని మాట వినకుండా ఆమె వీడియో కాల్ చేసింది. చాలాసేపు మోగాక కామరాజు ఎత్తాడు. కంపెనీ చొక్కా వేసుకుని ఉన్నాడు. వెనక ముదురు రంగు దుప్పటి ఏదో గోడకు వేలాడుతోంది. మనిషి చిక్కినట్టున్నాడు.

"ఏవండీ, చెయ్యి ఖాళీయేనా? ఇంట్లో కరెంటు మాటిమాటికీ పోతోందండి."

"నాకు తె..." అని ఆగి, దగ్గాడు. "నాకు తెలియాలంటే చూడాలి గదా. బోర్డు చూపించు."

ఆమె ఫోను బోర్డు వైపు తిప్పింది. అటు నుంచి ఒకటే చప్పుడు, రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టు.

"అదేం చప్పుడండీ? అక్కడా వానా?"

"దోహాలో వానేంటి? ఏసీ. పాతదయిపోయింది. బోర్డులో అన్నీ పైకే ఉన్నాయి గదా. అయితే ఇంట్లోది కాదు, పడేది కింద మీటరు దగ్గరది. షార్టయితే లేపిన మరుక్షణం పడిపోద్ది. ఇది పది నిమిషాలు ఆగి పడుతోంది. అంటే లోడెక్కువైంది. మన మీటరు మీద ఎవరో..." కామరాజు నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు. "ఎవరో అని కాదు. ఏదో. ఇంట్లో ఏమేం వాడుతున్నావు? అన్ని గదులూ చూపించు."

నాగదుర్గ వెనక గదిలోకి పరుగెత్తింది. ఇది తనకు ముందే తట్టాల్సింది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే ఇల్లంతా చూపించమంటాడు. ఫోనును గోడకేసి తిప్పి పట్టుకుని, రెండో చేత్తో మంచం మీది దుప్పటి లాగి మిషను మీద కప్పింది. ఇస్త్రీపెట్టెను కాలితో మంచం కిందికి తోసి, అది ఇంకా వేడిగా ఉందని గుర్తొచ్చి మళ్ళీ కాలితోనే బయటికి లాగింది.

"ఆ దుప్పటి కింద ఏంటది?"

"పిల్ల సైకిలండి. వానకి తుప్పు పడుతుందని."

"సైకిలు అంత ఎత్తుంటుందా?"

"మీరు చూసి చాలా కాలమైంది గదా. పిల్ల ఎదిగింది."

అవతల కామరాజు చూపు దించుకున్నాడు. మొహం అదోలా అయిపోయింది. ఆ మాట అలా అనకుండా ఉండాల్సిందని ఆమెకు అనిపించింది గాని, మిషను గుట్టు దాగినందుకు ఊరట కూడా కలిగింది.

"ఫ్రిజ్జు, ఫ్యాను, లైట్లు. ఇంతేనంటావు," అన్నాడు. "వీటికి పడకూడదు. నేను లెక్క... లెక్క ప్రకారం పడకూడదు. మరి ఎవరైనా మన మీటరులోంచి లాగుతున్నారేమో."

ఆ మాట నాగదుర్గకు దేవుడిచ్చినట్టు దొరికింది. "అవునండి! అదేనండి! ఎవరో లాగుతున్నారు!"

"పక్క ఫ్లాటులో ఎవరుంటారు?"

"గంగాదేవి పిన్నిగారు."

"ఆవిడేమో!" అన్నాడు కామరాజు, ఆశగా.

ఆ పిన్నిగారి ఇంట్లో ఒక ఫ్యానూ ఒక దీపమూ తప్ప మూడో స్విచ్చు వెయ్యడం నాగదుర్గ ఎప్పుడూ చూడలేదు. అయినా, "అయ్యుండొచ్చండి," అంది. అని వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో గంగాదేవి గారు నిలబడి ఉన్నారు.

ఆవిడ పరామర్శకే వచ్చారు. కరెంటు పోయిన ప్రతిసారీ ఆవిడ అలా వచ్చి, కరెంటు వల్ల పోయినవాళ్ళ సంగతి ఒకటి చెప్పి వెళుతుంటారు. ఆ పొద్దున అప్పటికే ఇద్దరి గురించి చెప్పేశారు. రామచంద్రపురంలో తోడికోడలి తమ్ముడు తడిచేత్తో స్విచ్చు వేసినవాడు, కొత్తపేటలో ఎవరో బట్టలారేసే తీగ పట్టుకున్నవాడు. మూడో మనిషి నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"నేనా?" అన్నారు ఆవిడ. "నేను దొంగ కరెంటు వాడేనా? ఆయన పోయిన్నాటి నుంచీ చీకట్లో అన్నం తింటున్నదాన్నమ్మా నేను. కంచంలో ఏం పడిందో కూడా చూసుకోను."

"అది కాదు పిన్నిగారండీ, ఆయన తెలియక..."

"దోహాలో కూర్చున్న మనిషికి నేనే కనబడ్డానా! ఉండు, శ్రీనివాసరావు గార్నే పిలుస్తాను. తేలిపోవాలి."

పదిహేను నిమిషాల్లో శ్రీనివాసరావు గారు గొడుగుతో దిగారు. కొబ్బరి వ్యాపారం చేసి, ఎవరి మాటనైనా కొబ్బరికాయలా మోగించి చూసే మనిషి అయ్యారాయన. కింద పార్కింగులో మీటర్ల ముందు గొడుగు కర్ర నేలకు పొడిచి నిలబడి, అందరినీ పిలిపించారు. వాన జల్లుకు అందరూ గోడకు కరుచుకుని నిలబడ్డారు. పదకొండు దాటింది. నెమలి మెడ మీద తల లేకుండానే ఉంది.

"అందరూ వెళ్ళి ఎవరి ఇంట్లో మెయిను వాళ్ళు ఆపేసి రండి," అన్నారాయన. "ఇల్లు ఆపినా ఏ మీటరు తిరుగుతుందో ఆ మీటరు మీద దొంగ ఉన్నట్టు. ముందు దొంగని పట్టుకుందాం. ఆ తర్వాత నేనే ప్రతి ఇల్లూ చూస్తాను. ఏ ఇంట్లో ఏం నడుస్తోందో ఇవాళ తెలిసిపోవాలి."

ఆ చివరి మాటకు నాగదుర్గ మెట్ల కేసి చూసింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటే పిల్లనూ, మిషనునూ, ఈ వానలో ఎక్కడికి తీసుకుపోవాలి? కామరాజుకు ఏమని చెప్పాలి? ఫోను ఇంకా చేతిలోనే ఉంది, కాల్ అలాగే నడుస్తోంది. అందులోంచి కామరాజు, "ఏం జరుగుతోంది? అంతమంది ఎందుకొచ్చేరు?" అంటున్నాడు.

మెయిన్లన్నీ ఆపారు. మీటర్ల మీద ఎర్రదీపాలన్నీ ఆగిపోయాయి. 302వ నంబరుది మాత్రం నెమ్మదిగా మిణుకుమంటూనే ఉంది.

"చూసేరా!" అన్నారు గంగాదేవి గారు. "నా మెయిను కూడా ఆపే ఉంది. ఇప్పుడు చెప్పమనండి ఆ దోహా ఆయన్ని."

శ్రీనివాసరావు గారు వంగి, మీటరు కింద ఎంసీబీ దగ్గర నుంచి వెనక గొట్టంలోకి పోతున్న నల్ల తీగను గొడుగు కొసతో చూపించారు. "ఇదేంటి అంజిబాబూ?"

"కేబుల్ టీవీదండి."

"కేబుల్ టీవీ మీటరులోంచి వస్తుందా?"

"ఎలకలకండి," అన్నాడు అంజిబాబు. అంతకంటే మంచి మాట అతనికి తోచలేదు.

తీగ గొట్టం పక్కనుంచి పైకి పాకింది. దాన్ని గొడుగు కొసతో తడుముతూ శ్రీనివాసరావు గారు మెట్లెక్కారు. వెనక గంగాదేవి గారు, వెనక ఫోను పట్టుకున్న నాగదుర్గ, ఆ వెనక మూడు ఫ్లాట్లవాళ్ళు, చివర కాళ్ళీడ్చుకుంటూ అంజిబాబు. తీగ మొదటి అంతస్తులో ఆగలేదు, రెండో అంతస్తులో ఆగలేదు. మూడో అంతస్తు కూడా దాటి డాబా వైపు తిరిగింది. డాబా మీద ట్యాంకు లీకవుతోందని, పని జరుగుతోందని చెప్పి అంజిబాబు నెలన్నరగా ఎవరినీ అటు పోనివ్వడం లేదు.

"ఇంతకుముందోసారి ఇలాగే," అన్నారు గంగాదేవి గారు ఆయాసపడుతూ, "ముక్కామలలో ఒకాయన దొంగ తీగ పట్టుకోవడానికి డాబా ఎక్కేరు. మళ్ళీ దిగలేదు."

శ్రీనివాసరావు గారు ఒక మెట్టు కిందికి దిగి, "అంజిబాబూ, నువ్వు ముందు నడు," అన్నారు.

ఫోనులో కామరాజు గొంతు మారిపోయింది. "నాగా, ఎక్కడికెళ్తున్నావు? వద్దు. పైకి రాకు."

"తీగ పైకెళ్ళిందండి. దొంగ డాబా మీదున్నాడు."

"రాకు నాగా. వానలో తడిసిపోతావు. నా మాట విని పైకి రాకు."

నాగదుర్గ మెట్ల మీద ఆగిపోయింది. ఆరేళ్ళుగా ఆ మనిషి ఫోనులో ఎన్నో చెప్పాడు. బజారుకు వెళ్ళకు అన్నాడు, బ్యాంకుకు వెళ్ళు అన్నాడు, వానలో బయటికి వెళ్ళకు అన్నాడు.

"రాకు అంటారేంటండీ?" అంది. "వెళ్ళకు అనాలి గదా?"

ఆమె ఫోను చెవికి ఆనించింది. వాన చప్పుడు మాత్రం ఉంది. అది ఫోనులోనూ వినబడుతోంది, నెత్తి మీదా వినబడుతోంది.

డాబా మీద ట్యాంకు పక్కన రేకుల గది. తలుపుకు బయట తాళం. తీగ కిటికీలోంచి లోపలికి పోయింది. నాగదుర్గ తలుపు దగ్గరికి నడిచేసరికి ఆమె చేతిలో ఫోను చెవులు చిల్లులు పడేట్టు కీచుమంది. అదే కీచు తలుపు అవతల నుంచి కూడా వచ్చింది.

"లోపల మనిషున్నాడు!" అన్నారు శ్రీనివాసరావు గారు. "తాళం తియ్యి."

"తాళంచెవి పోయిందండి," అన్నాడు అంజిబాబు, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవిని రెండు చేతులతో మూసుకుంటూ.

తలుపు తెరిచారు. లోపల నడుం పైన కంపెనీ చొక్కా, నడుం కింద లుంగీతో ఒక మనిషి ఫోను పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక గోడకు దుప్పటి. మూలన విమానం చీటీ ఇంకా ఊడని పెట్టె. నేల మీద కరెంటు పొయ్యి, దాని మీద సగం ఉడికిన అన్నం.

"ఎవడ్రా నువ్వు?" అన్నారు శ్రీనివాసరావు గారు. "ఎవరైనా పోలీసులకి ఫోను చెయ్యండి."

కామరాజు ఈ ఫ్లాటుకు ఎప్పుడూ రాలేదు. అతని మొహం అక్కడ ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో అంజిబాబు ఎలాగూ నోరు విప్పడు.

"మా ఆయనండి," అంది నాగదుర్గ.

"మీ ఆయన దోహాలో కదమ్మా ఉంది?"

ఆమె చేతిలో ఫోనుకేసి చూసింది. "ఇందులో దోహాలోనే ఉన్నారండి," అంది.

కామరాజు ఫోను ఆపేసి పెట్టె మీద పెట్టాడు. తల వంచుకునే చెప్పాడు. కంపెనీ మూసేశారు. అందరినీ పంపేశారు. తనూ వచ్చేశాడు. మొదట రాజమండ్రిలో లాడ్జి, తర్వాత అంజిబాబు కాళ్ళూ గడ్డం పట్టుకుంటే ఈ గది. ఇందులోకి వచ్చి నలభై రెండు రోజులైంది.

"నలభై రెండు రోజులు," అంది నాగదుర్గ. "నా నెత్తి మీద."

"రెండుసార్లు మెట్లు దిగేను నాగా. తలుపు దాకా వచ్చేను. ఖాళీ చేతులతో ఏమని తలుపు కొడతాను? ఇంకో పని దొరికేక వద్దామనుకున్నాను. పొద్దున్న అంజిబాబు తాళం తీస్తే పిట్టగోడ మీంచి పిల్ల ఆటో ఎక్కడం చూస్తాను. మంగళవారం రిబ్బను ఒకటే కట్టేవు."

"ఒకటి తెగిపోయిందండి," అంది. అతని వైపు ఒక అడుగు వేసింది. కొట్టాలనిపించింది. తుండు తెచ్చి అతని తల తుడవాలనీ అనిపించింది. ఏదీ చెయ్యలేక, ఉడకని అన్నం కేసి చూస్తూ నిలబడింది.

"కరెంటు సంగతేంటి?" అన్నారు శ్రీనివాసరావు గారు. దొంగ చేతికి చిక్కి కూడా జారిపోతున్నట్టు ఆయనకు బెంగగా ఉంది.

"మా మీటరేనండి. మా కరెంటేనండి," అన్నాడు కామరాజు. వృత్తి మాట వచ్చేసరికి అతని తల కొంచెం లేచింది. "ఒక్కటే అర్థం కాలేదండి. కొలిచే వేసేను. నా పొయ్యీ ఫ్యానూ, ఇంట్లో ఫ్రిజ్జూ లైట్లూ. అన్నీ కలిపినా ఎంసీబీ పడకూడదు. ఇంట్లో ఇంకేదో పెద్దది నడుస్తోంది." అతను భార్యకేసి చూశాడు. "నాగా, ఆ సైకిలు కరెంటు తాగుతుందా?"

నాగదుర్గ నేలకేసి చూసింది. ఆమె పొయ్యి సంగతి ఎరగదు. అతను మిషను సంగతి ఎరగడు. ఏ ఒక్కరిది నడిచినా పడని ఎంసీబీ, ఇవాళ మిషను పక్కన ఇస్త్రీపెట్టె కూడా చేరి, మూడూ కలిసేసరికి పడిపోతోంది.

అందరూ మళ్ళీ ఒక అంతస్తు దిగారు. దుప్పటి తీసి చూశారు. శ్రీనివాసరావు గారు అద్దె కాగితంలో గీత గీసిన వాక్యాన్ని చూడకుండా అప్పజెప్పడం మొదలుపెట్టేసరికి కింద బండి హారను మోగింది. పెళ్ళికూతురి మేనమామ. పన్నెండింటికి రావాల్సిన మనిషి పది నిమిషాలు ముందే వచ్చాడు.

నాగదుర్గ కుర్చీలో కూలబడింది. "అయిపోయిందండి. తల లేదు."

అప్పుడు గంగాదేవి గారు శ్రీనివాసరావు గారికి అడ్డంగా వచ్చి నిలబడ్డారు. "ఈ పొద్దున నన్ను దొంగన్నారు. ఆ కోపం నాకూ ఉంది. అయినా పెళ్ళిపిల్ల జాకెట్టుకు అడ్డం పడితే మంచిది కాదండి. రామచంద్రపురంలో ఒకాయన ఇలాగే ముహూర్తం రోజున..."

"ఆయనా పోయారా?" అన్నారు శ్రీనివాసరావు గారు.

"పోలేదు గానీ పోయినా బాగుండేది," అన్నారు ఆవిడ.

ఆయన గొడుగు మూసి కుర్చీలో కూర్చున్నారు. "కానివ్వమనండి. నేను రేపు మాట్లాడతాను."

కామరాజు కిందికి పరుగెత్తి డాబా తీగ పీకేసి వచ్చి, ఇంట్లో మెయిను వేశాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇస్త్రీపెట్టె అందుకున్నాడు. ఆరేళ్ళు తన బట్టలు తానే ఇస్త్రీ చేసుకున్న చెయ్యి. ఆమె కుట్టిన చోటల్లా అతను వెనక నుంచి ముడత తీసుకుంటూ వచ్చాడు. తల పడుతుండగానే ఆమె హుక్కులు కుట్టేసింది. ఇరవై నిమిషాలు కరెంటు పోలేదు. తల పడింది. కాని వంకర తిరిగిన మెడ మీద పడటంతో నెమలి వీపు మీదుగా తన తోకకేసి చూస్తున్నట్టు తయారైంది.

మేనమామ జాకెట్టు విప్పి వెలుతురులో పట్టుకున్నాడు. "చీర మీద నెమలి ముందుకు చూస్తోందండి. ఇది వెనక్కి చూస్తోందేంటండీ?"

నాగదుర్గ నేల మీది దారం ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"అత్తారింటికి వెళ్ళే పిల్ల వీపు మీద నెమలి బాబూ," అన్నారు గంగాదేవి గారు. "వెనక్కి చూడకుండా ఎలా వెళుతుంది?"

మేనమామ కాసేపు ఆ నెమలికేసే చూశాడు. కండువాతో ఒక కన్ను తుడుచుకుని, జాకెట్టు తిరిగి మడిచి, చొక్కా లోపల గుండెకు ఆనించి పెట్టుకుని వానలో వెళ్ళిపోయాడు.

శ్రీనివాసరావు గారు రేపటిదాకా ఆగలేకపోయారు. లేచి తీర్పు చెప్పారు. మిషను సంగతి ఆలోచించాలి, దానికి వ్యవధి కావాలి. డాబా గది మాత్రం సాయంత్రానికి ఖాళీ కావాలి. అద్దె కాగితంలో భార్య, భర్త, ఒక పాప అని రాసి ఉంది, భర్తను వేరే గదిలో పెట్టడానికి ఆయన ఒప్పుకోరు.

సాయంత్రం అంజిబాబు పెట్టె మోసుకొచ్చి 302 గుమ్మంలో దింపాడు. నాగదుర్గ ఇంకా భర్తతో మాట్లాడలేదు. అన్నం మాత్రం ముగ్గురికి పెట్టింది. కూతురు కొత్త మనిషిని చూసినట్టు తండ్రిని చూస్తూ, అతని పక్కన కాకుండా ఎదురుగా కూర్చుంది. వాన తగ్గాక మూడు అంతస్తులవాళ్ళూ వరసగా గుమ్మంలోకి తొంగిచూసి, దొరికిన దొంగను పరామర్శించి వెళ్ళారు. దోహా నుంచి ఏం తెచ్చావని మాత్రం ఒక్కరూ అడగలేదు.